బీదర్ బంకులో ఫుల్ ట్యాంక్

ఆదివారం బీదర్ వెళ్లొచ్చాం. తిరిగి హైదరాబాద్ వస్తుంటే, బోర్డర్ దాటకముందే ట్యాంక్ నింపెయ్ అని బావ ఒకటే గోల, ఎందుకంటే డీజిల్ మీద మన దగ్గర వ్యాట్ 27 శాతం, కర్ణాటకలో అంతకంటే తక్కువ. బంకులో చూస్తే సగం బండ్లు టీజీ, టీఎస్ నంబర్లే!

మా ముందున్న లారీ డ్రైవరన్న నవ్వి, నేపాల్ బోర్డర్‌లో ఉన్న రక్సౌల్ పోయి చూడు తమ్మీ అన్నాడు. 2021లో అక్కడ బీహార్ వాళ్లు డబ్బాలు పట్టుకుని నేపాల్ వెళ్లి పెట్రోలు, డీజిల్ తెచ్చుకునేవారట. తమాషా ఏంటంటే, నేపాల్‌కి పెట్రోలు, డీజిల్ పంపేది మన ఇండియన్ ఆయిలే, బీహార్‌లోని మోతీహారి నుంచి నేపాల్‌లోని అమ్లేఖ్‌గంజ్‌కి 2019లోనే పైపులైన్ వేశారు, అంటే మన సరుకే హద్దు దాటగానే చవకైపోయింది! ముడి చమురు ధర ఇంచుమించు అందరికీ ఒకటే, తేడా అంతా పన్నుల్లో. 2020 మేలో కేంద్రం డీజిల్ మీద ఎక్సైజ్ సుంకాన్నే లీటరుకు 31.83 రూపాయలు చేసింది, దానిపైన రాష్ట్రాల వ్యాట్ వేరే. అప్పట్లో నేపాల్‌లో అంత బాదుడు లేదు. అక్కడి బోర్డు మీద అంకె పెద్దగా కనిపిస్తే కంగారు పడొద్దు, మన 100 రూపాయలంటే వాళ్లకి 160 నేపాలీ రూపాయలు.

మేం మిగుల్చుకున్నదంతా జహీరాబాద్‌లో చాయ్, మిర్చి బజ్జీలకే సరిపోయింది. బావ మాత్రం ఇంకా లాభమే అంటున్నాడు.