మణుగూరు దాటి అశ్వాపురం దాకా

హనుమకొండ నుంచి ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం మీదుగా మణుగూరు పోయే దారిలో మొదట చాలా దూరం అడవే. మంగపేట దగ్గర కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంది, అద్దాలు ఎక్కించినా ఘాటు ఆగలేదు. తర్వాత భద్రాద్రి థర్మల్ పొగగొట్టాలు, సింగరేణి మట్టిగుట్టలు, బొగ్గు లారీలు. అశ్వాపురంలో టీ కొట్టాయన అడిగిండు: "సారూ, ఈ ప్లాంటుల అణువు గిట్ల లీకయితదా?"

కాదు. ఇక్కడున్నది రియాక్టర్ కాదు, 1991 నుంచి గోదావరి నీళ్లలోంచి భారజలం, అంటే అణు రియాక్టర్లలో వాడే బరువైన హైడ్రోజన్ ఉన్న నీళ్లు, తీస్తున్న కర్మాగారం. కొత్త భారజలంతో రేడియేషన్ భయం లేదు. ఊరు జాగ్రత్త పడాల్సింది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు గురించి. చల్లని టవర్లో సుమారు 30 డిగ్రీల దగ్గర, వేడి టవర్లో 130 దగ్గర నీళ్లను ఈ వాయువుతో కలుపుతూ డ్యుటీరియాన్ని, అంటే ఆ బరువైన హైడ్రోజన్‌ను, పోగుచేస్తారు. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన. 100 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 100 పాళ్లు) దగ్గర ముక్కు మొద్దుబారుతుంది, కాబట్టి వాసన పోయిందని గ్యాస్ పోయిందనుకోవద్దు. గాలికన్నా బరువు గనుక గుంతల్లో, వాగు పల్లాల్లో నిలుస్తుంది. లోపలే ఉండమని మైకులో చెప్తే తలుపులు మూసుకోవాలి. బయట చిక్కుకుంటే గాలివాటానికి అడ్డంగా నడిచి మెరక ఎక్కాలి.

ఇలాంటి ప్లాంటు పాతబడితే ఉక్కులోకి హైడ్రోజన్ దూరి బుడగలు, పగుళ్లు వస్తాయి. మరమ్మతుకు తెరిచినప్పుడు లోపల పేరుకున్న ఐరన్ సల్ఫైడ్‌ను తడిపి ఉంచకపోతే గాలి తగలగానే దానంతట అదే అంటుకుంటుంది.

అసలు వయసు సమస్య ఈ నీళ్లు చేరే చోట ఉంది. రావత్‌భాటా, కల్పాక్కం, కైగా రియాక్టర్లలో న్యూట్రాన్లు తగిలి భారజలంలో ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ పుడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది. 220 మెగావాట్ల యూనిట్‌లో ఇంధనం పెట్టే 306 గొట్టాలు అడ్డంగా ఉంటాయి. వేడికి, రేడియేషన్‌కు అవి సాగి, నడుము వంగుతాయి. బయటి గొట్టానికి తగలకుండా ఆపే స్ప్రింగులు జరిగితే తగిలిన చోట చల్లబడి, పీల్చుకున్న హైడ్రోజన్ అక్కడ గడ్డకడుతుంది. పగులు మొదలయ్యేది అక్కడే. అందుకే కల్పాక్కంలో 2000ల మొదట్లో రెండు యూనిట్ల గొట్టాలూ మార్చి, జిర్కోనియం-నియోబియంవి పెట్టారు. మార్చినంత మాత్రాన నిశ్చింత లేదు. గొట్టాలు మార్చిన గుజరాత్‌లోని కాక్రపార్ మొదటి యూనిట్‌లోనే 2016 మార్చి 11న ఒకటి పగిలింది. తుప్పు మచ్చలు బయటి వైపున పడ్డాయి, చుట్టూ తిరిగే కార్బన్ డయాక్సైడ్‌లోని మలినాలతో. మహారాష్ట్రలోని 1969 నాటి తారాపూర్‌లో చిక్కు వేరు. అక్కడ ఇంధనమంతా ఒకే ఉక్కు పాత్రలో ఉంటుంది, న్యూట్రాన్లకు పెళుసెక్కే ఆ పాత్రను గొట్టంలా తీసి మార్చలేం.

గొట్టాలు మార్చే పనిలో ఎక్కువ రేడియేషన్ మోతాదు పడేది కార్మికుల మీద. పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలిన రేడియేషన్ కొలత), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. ప్రజలకు 1. ఒక సైటు నుంచి ఇంకో సైటుకు పోయే కాంట్రాక్టు కూలీ లెక్క అతని వెంట పోవాలి, లేకుంటే ఆ అంకెలకు అర్థం లేదు. ట్రిటియం సంగతి మూత్ర పరీక్షలో తేలుతుంది. దాని అర్ధాయువు 12.3 ఏళ్లయినా, దాదాపు పది రోజుల్లో సగం ఒంట్లోంచి పోతుంది. నీళ్లు ఎక్కువ తాగిస్తే ఇంకా త్వరగా.

చుట్టుపక్కల ఊళ్ల సంగతి ఇంత తేలిక కాదు. జర్మనీ పరిశోధనలో ప్లాంట్లకు 5 కిలోమీటర్ల లోపు ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తక్యాన్సర్ ఎక్కువ కనిపించింది, కానీ కొలిచిన రేడియేషన్ అంత తక్కువకు అది ఎందుకొచ్చిందో తేలలేదు. ఇలాంటప్పుడు వాదించుకోవడం దండగ. ఆయువు పెంచే ముందే చుట్టూ 16 కిలోమీటర్ల క్యాన్సర్ రిజిస్టర్ రాసి పెట్టుకోవాలి. తర్వాత మొదలుపెడితే దేనితో పోలుస్తారు? గొట్టం మందం కొలిచినట్టే ఊరి జబ్బులూ కొలవాలన్నది మా పట్టు.

తిరుగు దారిలో మణుగూరులో ఒక ఆశా కార్యకర్త అయోడిన్ మాత్రలు తెప్పించి పెట్టాలా అని అడిగింది. రియాక్టర్ ఊళ్లలో పెద్దలకు పొటాషియం అయోడైడ్ 130 మిల్లీగ్రాములు, 3 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 65. అదీ అధికారులు చెప్పినప్పుడే, రేడియో అయోడిన్ గాలిలో కలిసే ముందో, కలిసిన కొద్ది గంటల్లోనో. కాపాడేది ఒక్క థైరాయిడ్‌నే. ట్రిటియానికి పనిచేయదు, హైడ్రోజన్ సల్ఫైడ్‌కు అసలే కాదు. "అశ్వాపురానికి గాలి ఎటు తిరిగిందో చూపే జెండాలు నాలుగు వేయించమ్మా, మాత్రలు వద్దు" అన్నాం.