లిఫ్టు దగ్గర ఎర్ర బటన్

అమెరికాలోని కొలరాడోలో మంచుకొండల మీద జారే ఆటకు జనం వచ్చే ఒక స్కీ రిసార్టులో నేను ఒక శీతాకాలమంతా, వారిని తీగకు వేలాడే కుర్చీలలో కొండపైకి చేర్చే లిఫ్టు దగ్గర పనిచేశాను. సముద్రమట్టానికి దాదాపు 3,000 మీటర్ల ఎత్తున, తెల్లవారకముందే మొదలయ్యే ఆ పనిలో మాకు అన్నిటికన్నా ముందు నేర్పినది ఎర్ర బటన్ సంగతి: కుర్చీ ఎక్కేవారిలో ఎవరైనా తడబడుతున్నట్లు అనుమానం కలిగితే, ఎవరినీ అడగకుండా లిఫ్టును ఆపివేయాలి. అనవసరంగా ఆపినా ఎవరూ మందలించరన్న భరోసా లేకపోతే చెయ్యి ఒక్క క్షణం తటపటాయిస్తుంది; ప్రమాదానికి ఆ క్షణం చాలు.

లిఫ్టుకు మరమ్మతు చేసేటప్పుడు విద్యుత్తును ఆపి, దాన్ని ఎవరూ తిరిగి వేయకుండా పనిలో ఉన్న ప్రతి మనిషీ ఆ స్విచ్చుకు తన తాళం వేసి, పేరు రాసిన చీటీ తగిలించాలి. ఎవరి తాళం వారే తీయాలి. ఒకే కొక్కేనికి వేలాడే ఐదు తాళాలు, వాటిమీద పేరుకున్న మంచు ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్లున్నాయి.

రద్దీగా ఉన్న ఒక శనివారం, లిఫ్టు ఎక్కే చోట గడ్డకట్టిన మంచును పారతో చెక్కుతుంటే, తరువాత చూసుకోవచ్చని మా పర్యవేక్షకుడు తొందరపెట్టాడు. నేను ఒప్పుకోలేదు. భద్రత గురించి ఫిర్యాదు చేసిన ఉద్యోగిపై యజమాని కక్ష సాధించరాదని అక్కడి 1970 నాటి వృత్తి భద్రతా చట్టం చెబుతోంది. అటువంటి రిసార్టులలో పనికి చేరే మన పిల్లలు ఈ సంగతిని మొదటి రోజే తెలుసుకోవాలని నా కోరిక.