డ్యూటీ దిగినా తల దిగని డ్యూటీ

జూనియర్ చెల్లెళ్లు నాకు ఫోన్ చేసి తరచూ అడిగే మాట ఒకటుంది. "అక్కా, ఈ టెన్షన్‌తో ఎన్నేళ్లు చేయగలం? మానేసి ఇంకేదైనా చూసుకోనా?" వీళ్లు పనికి దొంగలు కారు. బీఎస్సీ నర్సింగో, నర్సింగ్ డిప్లొమా అయిన జీఎన్ఎమ్మో పూర్తిచేసి రెండు మూడేళ్లు అయినవాళ్లు, ఐసీయూలోనో ఎమర్జెన్సీలోనో పడ్డవాళ్లు, ఈ పనంటే ప్రేమ ఉన్నవాళ్లు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఒకచోట రాసి పెడితే బాగుంటుందనిపించింది. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని కాబట్టి ఇందులో ఉదాహరణలన్నీ అక్కడివే, కానీ వేరే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకీ కొంత పనికొస్తుందేమో చూడండి.

మానేయాలా వద్దా అన్నది తర్వాత. ముందు ఒకటి తేల్చుకోండి. మిమ్మల్ని నలిపేస్తున్నది పనా, లేక ఆ పనిలో ఏదీ మీ చేతిలో లేకపోవడమా?

సెప్టిక్ షాక్‌తో, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయి వచ్చిన పేషెంటుని రాత్రంతా చూసుకుంటాం. బీపీ నిలబెట్టే మందు పంపులో పెట్టి, గంట గంటకీ యూరిన్ కొలిచి రాస్తూ, సక్షన్‌తో కఫం తీస్తూ, రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతూ, ఒక్క నిమిషం కూర్చోకుండా తెల్లారిపోతుంది. ఆ పేషెంటు తెల్లారేసరికి కుదుటపడితే ఒళ్లు హూనమైనా మనసు బాగుంటుంది, ఇంటికెళ్లి పడుకోగానే నిద్ర పట్టేస్తుంది. ఇంకో రాత్రి అంత పని ఉండదు. కానీ ఫార్మసీ నుంచి మందు రాలేదని పేషెంటు తాలూకు వాళ్లు మన మీద అరుస్తారు, బిల్లు ఇంతెందుకయిందని మనల్నే నిలదీస్తారు, డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఇంత చిన్నదానికి కూడా లేపాలా అని విసుక్కుంటారు, పొద్దున ఇంచార్జి మేడమ్ ఇన్సిడెంట్ రిపోర్టు రాసిచ్చి వెళ్లమంటారు. ఆ రోజు పడుకున్నా కళ్లు మూతపడవు. ఎందుకంటే వాటిలో ఒక్కటీ మన చేతిలోది కాదు, అయినా అన్నింటికీ జవాబు మనమే చెప్పాం.

దీని మీద పరిశోధనలు ఎప్పుడో జరిగాయి. పని భారం ఎక్కువై, ఆ పనిని ఎలా చేయాలో నిర్ణయించుకునే వీలు తక్కువైతే మనిషి దెబ్బతింటాడని, భారం ఎక్కువున్నా ఆ వీలు కూడా ఉంటే మనిషి ఎదుగుతాడని రాబర్ట్ కరాసెక్ 1979లో రాశాడు. లండన్‌లో ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనాల్లో కూడా గుండెజబ్బులు పెద్ద బాధ్యతలున్న పై అధికారుల్లో కంటే కింది గ్రేడుల్లో ఉన్నవాళ్లలోనే ఎక్కువగా కనిపించాయి. పొగతాగడం లాంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా పూర్తిగా పోలేదు. పని మీద పట్టు లేకపోవడం అందులో ఒక కారణమని ఆ పరిశోధకులు తర్వాత తేల్చారు. ఇది తెలిశాక నాకు చాలా ధైర్యం వచ్చింది. నేను బలహీనురాలిని కాబట్టి తట్టుకోలేకపోతున్నానన్న అనుమానం పోయింది.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నవుట్‌ని, అంటే పని ఒత్తిడితో మనిషి అరిగిపోవడాన్ని, తన జబ్బుల వర్గీకరణలో చేర్చింది, అదీ జబ్బుగా కాదు, పనికి సంబంధించిన పరిస్థితిగా. మూడు లక్షణాలు చెప్పింది: శక్తి పూర్తిగా అయిపోయినట్టుండటం, పని నుంచి మనసు దూరమైపోవడం, ఏం చేసినా సరిగా చేయలేకపోతున్నామనిపించడం. మన దగ్గర రెండోదాన్ని గుర్తుపట్టడం సులువు. "సిస్టర్, లక్ష్మమ్మగారికి నొప్పిగా ఉందంట" అనే అమ్మాయి కొన్నాళ్లకి "బెడ్ ఏడు గోల చేస్తోంది" అంటుంది. ఆ అమ్మాయి చెడ్డదైపోలేదు. అరిగిపోయింది. అలాంటప్పుడు ఆమెని తిట్టకండి, పక్కకి పిలిచి ఎన్ని నైట్లు వరసగా చేసిందో అడగండి.

పనిచోటు తెచ్చిపెట్టిన సమస్యకి మందు కూడా కొంత పనిచోటులోనే ఉండాలి. డబుల్ డ్యూటీ చేయించిన వారంలో ఒక గంట స్ట్రెస్ మేనేజ్‌మెంట్ క్లాసు పెడితే సరిపోదు. యోగా, ప్రాణాయామం మంచివే, నేనూ చేస్తాను. కానీ వెంటిలేటర్ మీదున్న పేషెంటుకి ఒక నర్సు ఉండాలన్నది ఆసుపత్రులకి గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాల్లోనే ఉంది. అలాంటి ఇద్దరిని, ఒక్కోసారి ముగ్గురిని ఒకరికి అప్పజెప్పి, ఊపిరి లోపలికి తీసుకుని వదలమంటే ఆ టెన్షన్ ఎక్కడికీ పోదు. ఈ మాట మనం గట్టిగా, మర్యాదగా, రాతపూర్వకంగా అనాలి. "ఈ షిఫ్టులో ఇంతమంది పేషెంట్లకి ఇంతమందిమే ఉన్నాం" అని డ్యూటీ రిపోర్టులో ఒక్క వాక్యం. ఎవరినీ నిందించక్కర్లేదు. నలుగురు కలిసి రోజూ రాస్తే నెలాఖరుకి ఆ కాగితాలే మాట్లాడతాయి.

ఇక మన చేతిలో ఉన్నవి.

నాకు అన్నింటికంటే ఎక్కువ పనికొచ్చింది హ్యాండోవర్, అంటే డ్యూటీ దిగేటప్పుడు పేషెంటుని తర్వాతి సిస్టర్‌కి అప్పజెప్పడం. డ్యూటీ దిగాక బస్సులో కూర్చుని ఆ పొటాషియం రిపోర్టు చెప్పానా, ఆ యాంటీబయాటిక్ రెండో డోసు సంగతి చెప్పానా అని గుండె దడదడలాడటం మనందరికీ తెలిసిందే. ఇది కంగారు స్వభావం వల్ల కాదు, హ్యాండోవర్ నిలబడి గబగబా నోటితో జరగడం వల్ల. పేషెంటు పరిస్థితి ఏంటి, వెనక జరిగిందేంటి, ఇప్పుడు నాకేమనిపిస్తోంది, ఏం చేయాలి అన్న వరసలో, బెడ్ పక్కనే నిలబడి, పంపుల్లో మందు ఎంత రేటులో వెళ్తోందో ఇద్దరం కలిసి చూసుకుని, మిగిలిపోయిన పనులు కాగితం మీద రాసి చేతికిస్తే, ఆ పేషెంటు ఇక వచ్చిన సిస్టర్ బాధ్యత. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, ఆ పది నిమిషాల వల్ల ఇంట్లో గంటలు మిగులుతాయి. వార్డు వాట్సాప్ గ్రూపు మ్యూట్ చేసేయండి. నిజంగా అవసరమైతే ఫోన్ చేస్తారు.

నైట్ డ్యూటీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనలో సగం మంది కుంగిపోతున్నది అక్కడే. మన ఒంటి గడియారం ఇరవై నాలుగు గంటల కంటే కాస్త పొడుగు. అందుకే ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఇలా ముందుకు జరిగే రోస్టర్‌ని (డ్యూటీల పట్టికని) ఒళ్లు తట్టుకుంటుంది, రాత్రి నుంచి వెనక్కి తిప్పితే తట్టుకోవడం కష్టం. ఇది ఇంచార్జి మేడమ్‌కి చెప్పి చూడండి. నేను పనిచేసిన ఒకచోట అడిగితే మార్చారు, ఇంకోచోట కుదరదన్నారు. అడగడంలో పోయేదేం లేదు. కాఫీ, టీ షిఫ్టు మొదటి సగంలోనే తాగేయండి. కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది, తెల్లవారుజామున తాగిన కాఫీ పొద్దున పది గంటలకి కూడా మిమ్మల్ని పడుకోనివ్వదు. నైట్ చేసి స్కూటీ మీద వెళ్లడం మాత్రం దయచేసి మానండి. ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగి నిద్రలోకి జారిపోయానని చెప్పినవాళ్లు నాకు తెలుసు. మెట్రో ఉంటే మెట్రో, బస్సు ఉంటే బస్సు, ఏదీ లేకపోతే డ్యూటీ రూములో ఇరవై నిమిషాలు పడుకుని బయల్దేరండి.

అసలు కష్టం ఇంటికొచ్చాక. నైట్ చేసి వచ్చిన ఆడమనిషిని ఇంట్లోవాళ్లు "ఈరోజు ఇంట్లోనే ఉందిగా" అనుకుంటారు. టిఫిన్ చేసి, పిల్లల్ని స్కూలుకి పంపి, పదకొండింటికి నడుం వాలిస్తే గ్యాస్ సిలిండర్ వాడు, తర్వాత పక్కింటావిడ, తర్వాత కొరియర్. మా ఇంట్లో నేను అత్తమ్మని కూర్చోబెట్టి చెప్పాను. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మీరు పడుకున్నట్టే నాకు తొమ్మిది నుంచి రెండు దాకా రాత్రి, ఆ టైములో నేను ఊళ్లో లేననుకోండి అని. కిటికీకి మందపాటి కర్టెన్ వేశాం, తలుపుకి కాగితం అంటించాం. మా ఆయన పొద్దుటి వంట తీసుకున్నారు. ఇది సహాయం చేయడం కాదు, ఇంట్లో ఒక మనిషి రాత్రి కష్టపడి సంపాదిస్తే మిగతావాళ్లు చేయాల్సిన పని. కొత్తగా పెళ్లి కుదిరిన చెల్లెళ్లకి నా మనవి ఒక్కటే, నైట్ డ్యూటీల సంగతి పెళ్లికి ముందే అవతలివాళ్లతో మాట్లాడండి. మొహమాటపడొద్దు.

పేషెంటు పోయినప్పటి సంగతి. దాని గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. నలభై నిమిషాలు సీపీఆర్ చేసి, టైము రాసి, లైన్లు తీసేసి, బాడీ ప్యాక్ చేసి, అరగంటలో అదే బెడ్ మీదకి కొత్త అడ్మిషన్. అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీ ఆసుపత్రిలో జొనాథన్ బార్టెల్స్ అనే ఎమర్జెన్సీ నర్సు ఒక పద్ధతి మొదలుపెట్టాడు. పేషెంటు పోగానే గదిలో ఉన్నవాళ్లందరూ ఎక్కడివాళ్లు అక్కడ ఒక నిమిషం మౌనంగా నిలబడతారు, పోయిన మనిషి కోసం, ఆ మనిషిని బతికించడానికి ప్రయత్నించినవాళ్ల కోసం. అంతే. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, సర్క్యులర్ అక్కర్లేదు. మా యూనిట్‌లో ఒక సీనియర్ డాక్టరుగారిని అడిగితే ఒప్పుకున్నారు. వార్డు బాయ్ కూడా వచ్చి మాతో నిలబడతాడు. ఏడుపొస్తే ఏడుస్తాం. తర్వాత పని చేయగలుగుతాం.

ఇప్పుడు కెరీర్. చాలామందికి రోజువారీ పని కంటే ఎక్కువ టెన్షన్ పెడుతున్నది ఇదే. బ్యాచ్‌మేట్ జర్మనీ వెళ్లింది, ఇంకొకామె లండన్‌లో ఉంది, వేరొకామెకి ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది, నేనిక్కడే ఉన్నాను. స్టేటస్‌లు చూసి దారి ఎంచుకోకండి. జర్మనీ అంటే బీ2 స్థాయి దాకా భాష నేర్చుకోవాలి, నెలల తరబడి, డ్యూటీలు చేస్తూనో మానేసో. అది ఇష్టంగా చేయగలిగితే చాలా మంచి దారి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ విదేశీ ఉద్యోగాలకి పంపే ప్రభుత్వ సంస్థలే, ముందు అక్కడ కనుక్కోండి. గల్ఫ్ లాంటి దేశాలకి నర్సుల్ని ప్రభుత్వం గుర్తించిన ఏజెన్సీల ద్వారానే పంపాలని కేంద్రం 2015లో నిబంధన పెట్టింది, కాబట్టి తెలిసినవాళ్ల ఏజెంటు అని లక్షలు కట్టి అప్పుల పాలవ్వొద్దు. పల్లెల్లో పనిచేయాలనుంటే ఆయుష్మాన్ భారత్ కింద సబ్‌సెంటర్లలో బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లకి పోస్టులొచ్చాయి. అక్కడ బీపీ, షుగరు చూసి ఊరివాళ్లని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండొచ్చు. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లకి నార్సెట్ పరీక్ష ఉంది. ఐసీయూ పనిలోనే లోతుకి వెళ్లాలంటే క్రిటికల్ కేర్‌లో పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది, నర్స్ ప్రాక్టీషనర్ పీజీ కోర్సు ఉంది.

నేను ఐసీయూనే ఎంచుకున్నాను, పూర్తి ఇష్టంతో. రక్తంలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ (సీఓటూ) ఎంతున్నాయో చెప్పే ఏబీజీ రిపోర్టు చూసి అర్థం చేసుకోవడం, వెంటిలేటర్ గ్రాఫులు చదవడం కష్టపడి నేర్చుకున్నాక నా టెన్షన్ సగానికి పైగా తగ్గింది, ఎందుకంటే రాత్రి రెండింటికి డాక్టరుగారికి ఫోన్ చేసి "సార్, పేషెంటు ఏదోలా ఉన్నారు" అనేదాన్ని, ఇప్పుడు "సార్, సీఓటూ పెరుగుతోంది, శ్వాస రేటు ఇంత ఉంది, మీరు వచ్చి చూడాలి" అంటున్నాను. వాళ్లు వస్తున్నారు. ఇందాక నేను పట్టు అన్నది ఇదే. హోదా మారలేదు, జీతం పెద్దగా మారలేదు, కానీ నా మాటకి విలువ వచ్చింది.

జీతం మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశం మీద ఏర్పడిన కేంద్ర కమిటీ, ప్రైవేటు ఆసుపత్రుల్లో 200 పడకలు దాటితే నర్సులకి ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతం ఉండాలని, 50 పడకల లోపైనా నెలకి 20,000 రూపాయలకి తగ్గకూడదని సిఫార్సు చేసింది. ఇన్నేళ్ల తర్వాత కూడా చాలాచోట్ల అది కాగితం మీదే ఉంది. హాస్టల్ ఫీజు కట్టి, ఇంటికి పంపి, చివరి వారం చేతిలో ఏం మిగలని అమ్మాయికి ధ్యానం చేయమని సలహా ఇవ్వడానికి నాకు నోరు రాదు. మెరుగైన జీతం ఇచ్చే చోటికి మారడం స్వార్థం కాదు, ఒత్తిడి తగ్గించుకునే మార్గాల్లో అదీ ఒకటి.

ఇవన్నీ దాటిపోయిన పరిస్థితి కూడా ఉంటుంది. డ్యూటీకి బయల్దేరే ముందు రోజూ ఏడుపు రావడం, నైట్లు లేని వారంలో కూడా నిద్ర పట్టకపోవడం, బతకాలని లేదనిపించడం. అప్పుడు అక్కలకి కాదు, 14416కి ఫోన్ చేయండి. అది 2022లో మొదలైన టెలి మానస్, కేంద్ర ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళప్పుడైనా. ఎదుటివాళ్లని సైకియాట్రీ ఓపీకి పంపించే మనమే మన దాకా వస్తే నామోషీ పడటం నాకు చాలా బాధగా ఉంటుంది.

కొత్తగా ఉద్యోగంలో చేరబోయేవాళ్లకి: ఇంటర్వ్యూలో మీరు కూడా ప్రశ్నలు అడగండి. ఐసీయూలో ఒక నర్సుకి ఎంతమంది పేషెంట్లు, వరసగా ఎన్ని నైట్లు, నైట్ ఆఫ్ ఎన్ని రోజులు, డబుల్ డ్యూటీ చేస్తే డబ్బులిస్తారా సెలవిస్తారా, కొత్తవాళ్లని ఎన్నాళ్లు సీనియర్ పక్కన ఉంచుతారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తీసుకోండి, వాళ్ల దగ్గర పెట్టమంటే జిరాక్స్ కాపీలే ఇస్తానని చెప్పండి. ఒప్పుకోకపోతే చేరకముందే నాకో, మీకు తెలిసిన సీనియర్‌కో ఒక ఫోన్ చేయండి, ఆ ఊళ్లో ఇంకెక్కడ ఖాళీలున్నాయో కనుక్కుని చెప్తాం.