శ్రీలంక నుంచి శివనగర్‌కు: మా దోస్తు ఉత్తరాలు

మా దోస్తు జవాను. 1987 ఆగస్టులో శ్రీలంక నుంచి వాడు రాసిన మొదటి ఉత్తరంలో యుద్ధం మాటే లేదు. అక్కడి జనం ఎదురొచ్చి దండలు వేశారట. ఒక ముసలమ్మ పిలిచి మంచినీళ్లు ఇచ్చిందట. ఎటు చూసినా తాటిచెట్లేననీ, మన ఊరి తాటివనంలో తిరుగుతున్నట్టే ఉందనీ రాశాడు. ఊరి పేరు మాత్రం రాయలేదు. రాయకూడదట. మేం జవాబు రాయాలన్నా వాడి నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కింద 56 ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు. అంతే అడ్రస్. తాటిచెట్ల మాటను బట్టి, పేపర్లో వచ్చిన వార్తలను బట్టి లంక ఉత్తరాన ఉన్న జాఫ్నా అయి ఉంటుందని మేమే అనుకున్నాం.

వరంగల్ శివనగర్‌లో వాడూ నేనూ పక్కపక్క ఇళ్లలో పెరిగాం. వాళ్ల నాన్న ఆజంజాహి మిల్లులో పనిచేసి పోయాడు. వాళ్ల అమ్మకు చదువు రాదు. ఆమెకు వచ్చే ఉత్తరాలు చదివి వినిపించడం, ఆమె చెప్పింది జవాబుగా రాయడం నా పని అయింది. మాకు, అంటే ముగ్గురు దోస్తులకు, వాడు వేరే ఉత్తరం రాసేవాడు.

ఆ ఏడు జులై 29న రాజీవ్ గాంధీ, లంక అధ్యక్షుడు జయవర్ధనె కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు చేశారు. ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడుతున్న ఎల్‌టీటీఈ వాళ్ల చేత, అంటే టైగర్ల చేత, ఆయుధాలు కింద పెట్టించడానికి మన శాంతి సేన వెళ్లింది. అక్టోబరు వచ్చేసరికి ఆ టైగర్లతోనే పోరు మొదలైంది. ఇక్కడ మేం దీపావళికి పటాకులు కాల్చే రోజుల్లో అక్కడ జాఫ్నా వీధుల్లో కాల్పులు. దాదాపు ఐదు వారాలు ఉత్తరం లేదు. రోజూ రేడియో ముందు కూర్చునేవాళ్లం. ఎంతమంది చనిపోయారో చెబుతారు, పేర్లు చెప్పరు. టెలిగ్రాం మనిషి సైకిల్ మా గల్లీలోకి తిరిగితే చాలు, నా కాళ్లు చల్లబడేవి.

తర్వాత ఒకే రోజు రెండు ఉత్తరాలు వచ్చాయి. అమ్మకు రాసిన దాంట్లో "మంచిగున్న, తిండి మంచిగున్నది" అని ఉంది. మాకు రాసింది ఇప్పటికీ నాకు నోటికొచ్చు. "రోడ్డు మీద నడుస్తలేం, మందుపాతరలున్నయి, పొలాల్లోంచి పోతున్నం. నీళ్లిచ్చిన ముసలమ్మ ఇంటి ముందు నుంచి పోయినం. ఆమె తలుపేసుకున్నది. ఆమె తప్పు లేదు" అని రాశాడు. ఆ చివరి ముక్క దగ్గర మేం ముగ్గురం చాలాసేపు మాట్లాడుకోలేదు.

ఉత్తరానికి రెండు మూడు వారాలు పట్టేది. మనం అడిగింది ఒకటి, వాడి నుంచి వచ్చేది అంతకుముందు దానికి జవాబు. ఏది అందింది, ఏది పోయింది తెలియక టెన్షన్ పడేవాళ్లం. చివరికి వాడే ఉపాయం చెప్పాడు. ప్రతి ఉత్తరం మూలన నంబరు వేయాలి, కిందటిసారి అందిన నంబరు కూడా రాయాలి. దాంతో చాలా తిప్పలు తప్పాయి. మిలిటరీలో పిల్లలున్న వాళ్లకు నేను ఇప్పటికీ ఈ సంగతి చెబుతుంటాను, ఫోన్లున్నా సరే.

1988 మేడారం జాతరకు ముందు అమ్మ మొక్కుకుంది. కొడుకు లంక నుంచి పూర్తిగా తిరిగొస్తే సమ్మక్కకు ఎత్తు బంగారం, అంటే వాడి బరువంత బెల్లం, ఇస్తానని. బరువెంతో అడగమంది. రాశాను. జవాబు జాతర అయిపోయాక వచ్చింది. అమ్మ ఉత్తరంలో 66 కిలోలు. మాకు రాసిన దాంట్లో, "58కి వచ్చిన, అమ్మకు చెప్పకుండ్రి."

నేను చెప్పలేదు. రెండేళ్లు ఆమె ముందు కూర్చుని సగం సంగతులు దాచి చదివాను. అది తప్పని నాకెప్పుడూ అనిపించలేదు, కానీ ఆ బరువు మాత్రం నా గుండె మీదే ఉండేది.

1990 మార్చి 24న శాంతి సేనలో చివరి బలగాలు లంక విడిచాయి. దాదాపు 1,200 మంది మన జవాన్లు తిరిగి రాలేదు. మా వాడు వచ్చాడు. మద్రాసులో దిగినప్పుడు స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి రాలేదని మాత్రం కొంచెం బాధగా చెప్పాడు. ముందుగా టెలిగ్రాం కొట్టాడు. ఆ టెలిగ్రాం చేతికి వస్తే విప్పడానికి నాకు ధైర్యం చాలలేదు, పక్కింటాయనతో చదివించాను. వరంగల్ స్టేషన్లో రైలు దిగినప్పుడు వాడి పెట్టెలో మా ఉత్తరాలన్నీ నంబర్ల వరుసన కట్ట కట్టి ఉన్నాయి. రెండు తక్కువ.

జాతర ఫిబ్రవరిలోనే అయిపోయింది. అయినా ఏప్రిల్లో మేడారం పోదామంది అమ్మ. బెల్లం కొనే ముందు వాడిని కట్టెల అడితిలో కాంటా మీద నిలబెట్టాం. 57 కిలోలు.

"57 ఎట్లయితది? 66 అని రాసిండు గదా. ఆ ఉత్తరం తీయి బిడ్డా, చదువు" అంది నాతో.

తీసి చదివాను. అరవై ఆరు. వాడు నా వైపు చూడలేదు. అరవై ఆరు కిలోల బెల్లం కట్టించుకుని బస్సెక్కాం.