హాలంతా విన్న నా దురద

జపాన్‌లో చర్మవ్యాధుల డాక్టరును కలవాలనుకునేవాళ్లు నేరుగా పెద్ద ఆసుపత్రికి పోకండి. ముందు దగ్గర్లోని చిన్న క్లినిక్‌లో చూపించుకుని సిఫారసు ఉత్తరం రాయించుకోండి. అది లేకుండా మొదటిసారి వెళితే కొన్ని పెద్ద ఆసుపత్రులు కనీసం 7,000 యెన్లు అదనంగా వసూలు చేస్తాయి. 2022 అక్టోబరు నుంచి ఇదే నిబంధన. బీమా ఉంటే వైద్యం ఖర్చులో సాధారణంగా మనం కట్టేది 30 శాతమే కానీ, ఈ అదనపు రుసుముకు బీమా వర్తించదు.

నా దగ్గర ఉత్తరం ఉంది కాబట్టి రిజిస్ట్రేషన్, నంబరు చీటీ చకచకా అయిపోయాయి.

చర్మ విభాగం ముందు కూర్చోబెట్టి ఒక ప్రశ్నాపత్రం చేతిలో పెట్టారు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కాగితం అడుగున మనిషి బొమ్మ కనిపించేసరికి ప్రాణం లేచివచ్చింది. బాధ ఎక్కడుందో దాని మీద గుర్తు పెడితే చాలు. నా తామర గజ్జల్లో మొదలై నడుము మీదికి పాకింది. ఆ చోట సున్నా చుట్టి ఇచ్చాను.

నర్సుకు అది చాలలేదు. నా పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, ఫోనులో అనువాద యాప్ తెరిచి మెల్లగా ఏదో అడిగింది. దురద మర్మాంగాల మీద కూడా ఉందా అని తెర మీద తెలుగులో వచ్చింది. గొణుగుతూ జవాబిస్తే యాప్‌కు వినబడలేదు. గొంతు పెంచమని ఆమె సైగ చేసింది. పెంచాను. ఫోను దాన్ని జపానీలోకి మార్చి, రైల్వే స్టేషనులో ప్రకటనలా హాలంతటికీ వినిపించింది. ఎప్పటి నుంచి, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, తువ్వాలు విడిగా వాడుతున్నారా... ప్రశ్నలన్నీ గుసగుసలే, మోగినవి నా జవాబులు మాత్రమే. తువ్వాలు సంగతి విన్నాక పక్క కుర్చీలోని పెద్దావిడ, ఎంతో మర్యాదగా, తన చేతిసంచిని అవతలి పక్కకు మార్చుకుంది.

రోగి పేరు నలుగురికీ తెలియకూడదని నంబరుతో పిలిచే ఆసుపత్రి ఇది! పేరు దాచి రోగాన్ని చాటింపు వేయడం ఏ రకం గోప్యతో వాళ్లే చెప్పాలి. మీరు మాత్రం ఫోను కనబడగానే ధ్వని తగ్గించమని చూపించండి, జవాబులు టైపు చేయండి. కనగావా అంతర్జాతీయ ఫౌండేషన్ వాళ్ల బహుభాషా ప్రశ్నావళి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, చర్మ విభాగానికి విడిగా ఉంది. ఇంగ్లిషు, జపానీ రెండూ ఉన్న కాగితం ఇంట్లోనే నింపుకుని వెళితే నాకు జరిగిన మర్యాద మీకు జరగదు.

డాక్టరు దగ్గర భాషతో పనే పడలేదు. మచ్చ అంచున పొట్టు గీకి గాజు పలక మీద వేశాడు, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి కాసేపు ఆగాడు, మైక్రోస్కోపులో చూసి తెర నా వైపు తిప్పాడు. కొమ్మలు వేసిన సన్నటి గీతలు. ఫంగస్! (ఈ పరీక్షకు వెళ్లేముందు మచ్చకు క్రీములు రాసుకోకండి, ఫంగస్ ఉన్నా కనబడకపోవచ్చు.) తరువాత నేను ఇండియా నుంచి తెచ్చుకున్న ట్యూబు అడిగి, పేర్లు ఒక్కొక్కటీ వేలితో చదివాడు. ఫంగస్ మందు, యాంటీబయాటిక్, వాటితో పాటు క్లోబెటాసాల్. ఆ మూడో పేరు దగ్గర వేలు ఆగింది. బలమైన స్టెరాయిడ్ అది. ఎరుపునూ దురదనూ అణిచిపెడుతుంది, ఆ చాటున ఫంగస్ తాపీగా విస్తరిస్తుంది. ట్యూబు చెత్తబుట్టలో పడింది. చర్మానికి రాసే ఇలాంటి స్టెరాయిడ్లను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని 2018లోనే మన ప్రభుత్వం ఆదేశించింది. చీటీ అడగకుండా ట్యూబు చేతిలో పెట్టి, "అన్నింటికీ పనిచేస్తుంది సార్" అన్న మహానుభావుణ్ణి ఆ తెర ముందు కూర్చోబెట్టాలని ఉంది.

మందుల చీటీ రాసిన రోజుతో కలిపి 4 రోజులే చెల్లుతుంది కాబట్టి అదే రోజు తెచ్చుకున్నాను. లులికోనజోల్ క్రీము, రోజుకు ఒకసారి. మచ్చ అంచు దాటి చుట్టూ కూడా రాయాలి, దురద పోయిందని ముందే మానేయకూడదు.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లాలి. ఈసారి జవాబులన్నీ జపానీలో అచ్చు వేయించుకున్నాను. ఆ నర్సు జేబులోంచి ఫోను తీసేలోపే కాగితం చేతిలో పెట్టేస్తాను.