పీఓ పరీక్ష: ప్రిలిమ్స్ ఒక్కటే చాలదు

డిగ్రీ దాకా నాది తెలుగు మీడియం. బ్యాంకుల్లో ప్రొబేషనరీ ఆఫీసర్ ఉద్యోగాలకు జరిగే ఐబీపీఎస్ పీఓ పరీక్షలో ప్రశ్నలేమో ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటాయి. అందుకే నంద్యాలలో కోచింగ్‌లో చేరినప్పుడు టెన్షనంతా ఇంగ్లిష్ గురించే.

మొదటి దశ ప్రిలిమ్స్‌లో గంటకు 100 ప్రశ్నలు. సెక్షన్‌కు 20 నిమిషాలే, ఒకదాంట్లో మిగిలిన టైమ్ ఇంకోదానికి పనికిరాదు. తప్పు జవాబుకు పావు వంతు మార్కు పోతుంది. సూత్రాలు అందరికీ వచ్చు, ఏ ప్రశ్న వదిలేయాలో తెలిసినవాళ్లే గట్టెక్కుతారు. నేను సింప్లిఫికేషన్, నంబర్ సిరీస్ ముందు ముగించి, అరిథ్‌మెటిక్ చివరికి ఉంచేవాణ్ని. పజిల్ రెండు మూడు వాక్యాలు చదివినా దారి దొరక్కపోతే ముందుకెళ్లిపోయేవాణ్ని. మాక్ టెస్ట్ రాసిన గంట కంటే, తర్వాత కూర్చుని ఏ ప్రశ్నకు ఎంత సేపు పట్టిందో చూసుకున్న సమయమే నన్ను ముందుకు నడిపింది.

కానీ ప్రిలిమ్స్ మార్కులు ఫైనల్ లిస్టులో కలవవు. రెండో దశ మెయిన్స్, ఆ తర్వాతి ఇంటర్వ్యూ మార్కులను 80:20 చొప్పున కలుపుతారు. మన పిల్లలు చాలామంది ప్రిలిమ్స్ ఫలితాలు వచ్చాక మెయిన్స్ పుస్తకం తెరుస్తారు. అప్పటికి మిగిలేది కొద్ది వారాలే, అది చూస్తే నాకు బాధేస్తుంది. బ్యాంకింగ్ అవేర్‌నెస్ అంత తొందరలో ఒంటబట్టదు. నేను మొదటి నుంచీ రోజూ ఒక ఇంగ్లిష్ ఎడిటోరియల్ చదివి, పేపర్ మూసేసి, సారాంశం ఐదారు వాక్యాల్లో టైప్ చేసేవాణ్ని. మెయిన్స్‌లో వ్యాసం లాంటివి కూడా కీబోర్డు మీదే రాయాలి కాబట్టి చేతికీ అలవాటైంది. రెపో రేటు (బ్యాంకులకు ఆర్‌బీఐ ఇచ్చే అప్పు మీద వడ్డీ), సీఆర్ఆర్ (డిపాజిట్లలో బ్యాంకులు ఆర్‌బీఐ దగ్గర ఉంచాల్సిన వాటా) లాంటివి వార్తల్లో కనిపించినప్పుడల్లా అర్థం చేసుకుంటూ పోయాను.

ఇంటర్వ్యూలో ఆ చదువే ఆదుకుంది. మాది వ్యవసాయ కుటుంబం అనగానే బోర్డులో ఒక మేడమ్, "అప్పు ఎప్పుడు ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది?" అని అడిగారు. వాయిదాల్లో కట్టే టర్మ్ లోన్ అయితే బకాయి 90 రోజులు దాటితే అన్నాను. "మరి పంట రుణం?" బకాయి స్వల్పకాలిక పంటకు రెండు సీజన్లు, దీర్ఘకాలిక పంటకు ఒక సీజన్ దాటితే అని చెప్పాను. ఎందుకలా అని ఆవిడ అడిగితే, రైతు చేతికి డబ్బు నెలనెలా రాదు మేడమ్, పంట అమ్మాకే వస్తుంది అన్నాను. ఆ తర్వాత చాలాసేపు మా పొలం గురించే మాట్లాడించారు. ఎంపికైనవాళ్లకు బ్యాంకులు కేటాయించే ప్రొవిజనల్ అలాట్‌మెంట్‌లో నా పేరు వచ్చింది.

బీసీ అభ్యర్థులకు ఒక మాట. రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ ఇక్కడ సరిపోదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో, నాన్ క్రీమీ లేయర్ అని రాసి ఉన్న ఓబీసీ సర్టిఫికెట్ కావాలి. తహసీల్దార్ ఆఫీసులో ముందే దరఖాస్తు పెట్టుకోండి. నోటిఫికేషన్‌లో అడిగిన తేదీలకు అది సరిపోతుందో లేదో కూడా చూసుకోండి.