సర్జరీ తర్వాత 22వ రోజున ఒక బస్సు ప్రయాణం

బ్రెస్ట్ ఆగ్మెంటేషన్ సర్జరీ, అంటే రొమ్ముల పరిమాణం పెంచే ఆపరేషన్, జరిగిన 22వ రోజున నేను మా చెల్లెలితో కలిసి సముద్రం చూడడానికి బయలుదేరాను. మొత్తం మూడు రోజుల యాత్ర అయినా, ఇప్పుడు తలచుకుంటే ముందుగా కళ్ళకు కట్టేది వెళ్ళేటప్పటి నాలుగు గంటల బస్సు ప్రయాణమే.

ఇల్లు కదలని మూడు వారాల్లో నాకు అన్నిటికన్నా విసుగు తెప్పించింది డిశ్చార్జి కాగితంలోని ఒక వాక్యం. శ్రమతో కూడిన పనులు చేయరాదనీ, తేలికపాటి కాలక్షేపాలు చేసుకోవచ్చనీ అందులో రాశారు. ఏది శ్రమ, ఏది తేలిక అన్నది ఎవరూ విడమరచి చెప్పలేదు. ప్రయాణానికి ముందు నేనే ఫోన్ చేసి అడిగితే సర్జన్ ఓపికగా వివరించారు. నడక మంచిదనీ, పరుగూ ఈతా సైకిలూ అప్పుడే వద్దనీ, సామాను మోయకూడదనీ, ఆపరేషన్ తర్వాత ఆసరాగా వేసుకునే సర్జికల్ బ్రా పగలూ రాత్రీ తీయకూడదనీ, బస్సులో గంటకోసారైనా లేచి నాలుగడుగులు వేయాలనీ చెప్పారు. సర్జరీ అయిన కొత్తలో గంటల తరబడి కాళ్ళు కదపకుండా కూర్చుంటే సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుందని అన్నారు. ఈ నాలుగు మాటలూ ఆ కాగితంలోనే ఉండి ఉంటే మూడు వారాలు మంచానికి అతుక్కుపోయి ఉండేదాన్ని కానని నాకు ఇప్పటికీ బాధగా ఉంది.

బస్సు ఎక్కగానే, ఎన్నో ఏళ్ళ అలవాటు కొద్దీ, చేతిలో ఉన్న చిన్న గుడ్డసంచిని తలపైనున్న అరలో పెట్టబోయాను. అందులో ఉన్నవి ఒక బొమ్మల పుస్తకమూ, పెన్సిళ్ళూ, ఒక తువ్వాలూ మాత్రమే. మోచెయ్యి భుజాన్ని దాటి పైకి వెళ్ళిందో లేదో, చంక నుంచి రొమ్ము కింది కుట్టు దాకా లోపల ఎవరో తాడు బిగించి లాగినట్లయింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. నా ఇంప్లాంట్లు, అంటే రొమ్ముల లోపల పెట్టిన మెత్తని సంచులు, ఛాతీ కండరం వెనుక అమర్చినవి. రొమ్ముటెముక దగ్గర మొదలై పైచెయ్యి ఎముక దాకా సాగే కండరం అది. చెయ్యి పూర్తిగా పైకెత్తితే సాగేది, బిగుసుకున్న తలుపును నెడితే పని చేసేది అదే. అప్పటిదాకా నేను కిలోల లెక్కే చూసుకున్నాను. చెయ్యి ఎంత ఎత్తుకు లేస్తోంది అన్నది కూడా లెక్కలోకి వస్తుందని నాకు తట్టనేలేదు.

పక్క సీటులోని పెద్దావిడ లేచి, ఒక్క మాటైనా అడగకుండా సంచి అందుకుని పైన పెట్టారు. తర్వాత కూర్చుంటూ, "భుజం నొప్పా, అమ్మా?" అని అడిగారు. ఛాతీకి ఆపరేషన్ అయిందని మాత్రం చెప్పాను. ఆవిడ అంతకన్నా తరచి అడగలేదు. తనకు కొన్నేళ్ళ క్రితం గుండెకు బైపాస్ జరిగిందనీ, దగ్గు వచ్చినప్పుడల్లా దిండును ఛాతీకి హత్తుకోమని ఆసుపత్రిలో నేర్పారనీ చెప్పి, తన శాలువాను నాలుగు మడతలు వేసి నా చేతికిచ్చారు. సీటు బెల్టు సరిగ్గా వాపు మీదుగా ఒరుసుకుంటూ పోతోంది. దాని కింద ఆ మడత పెట్టుకున్నాక హాయిగా ఊపిరి తీసుకోగలిగాను. మా సీట్లు వెనుక చక్రం మీద పడ్డాయి. రోడ్డు మీద ప్రతి గుంతా నేరుగా ఛాతీలోకి వచ్చి తగిలేది. గంట గడిచాక ఆవిడే కండక్టరుతో మాట్లాడి మమ్మల్ని ముందు వరుసకు మార్పించారు. నేను అడగవలసిన మాట అది. నొప్పి ఎందుకో చెప్పవలసి వస్తుందన్న బిడియంతో నేను నోరు మెదపలేదు. దిగేటప్పుడు శాలువా తిరిగి ఇస్తుంటే, "తువ్వాలు ఉందిగా, ఇకమీదట దాన్ని వాడుకో" అని చెప్పి వెళ్ళిపోయారు.

సముద్రం దగ్గర నా మనసు కొంత చిన్నబోయింది. ఈత వచ్చినదాన్ని, నీళ్ళను చూస్తూ ఒడ్డున కూర్చోవడం అదే మొదటిసారి. చెల్లెలు అలల్లోకి పరుగెత్తుతూ "అక్కా, మోకాళ్ళ దాకానైనా రా!" అని పిలిచింది. చీలమండలు తడిసే చోటే ఆగిపోయాను. కుట్లు పూర్తిగా మానకముందు నీళ్ళలో మునిగితే ఇన్ఫెక్షన్ రావచ్చు. అది ఇంప్లాంటు దాకా పాకితే ఒక్కోసారి దాన్నే తీసివేయవలసి వస్తుంది. పైగా అల విసురు ఏ వైపు నుంచి వస్తుందో ఎవరికి తెలుసు? పడవ షికారు కూడా వద్దన్నాను. కుదుపుల సంగతి అటుంచితే, లైఫ్ జాకెట్ బిగించుకోవడం ఊహించుకుంటేనే నాకు భయమేసింది.

మిగిలినవాటిలో నాకు నిజంగా సంతోషాన్నిచ్చింది బొమ్మలు గీయడం. నీడలో గోడకు చేరగిలబడి, పుస్తకాన్ని మోకాళ్ళకు ఆనించి, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా పెట్టుకుంటే కదిలేవి మణికట్టూ వేళ్ళూ మాత్రమే. ఒడ్డున బోర్లించిన ఒక పడవను, దాని అడుగున పెచ్చులూడిన నీలిరంగుతో సహా, రెండు పూటలు గీశాను. నీడను ఎంచుకోవడానికి కారణం ఉంది. కొత్త మచ్చలకు ఎండ తగిలితే నల్లబడతాయి. పైగా రొమ్ము మీద చర్మానికి ఇంకా స్పర్శ సరిగా తిరిగి రాలేదు కాబట్టి వేడెక్కినా నాకు తెలియదు. గవ్వలు కూడా ఏరాను, అయితే నడుము వంచి కాదు, మోకాళ్ళు మడిచి కూర్చుని ఏరాను. ముందుకు వంగితే వాపు బరువంతా కిందికి దిగి సలుపు పుట్టేది. రాత్రి తలగడలు పేర్చుకుని వీపు ఆనించి పడుకుంటే చెల్లెలు ఒక హాస్యకథ చదివింది. నవ్వినా నొప్పే. తువ్వాలు హత్తుకుని నవ్వాను.

మూడో రోజు ఉదయం కుడివైపు వాపు ఎడమకన్నా ఎక్కువగా కనిపించి గుండె దడదడలాడింది. ఒక్క వైపే ఉన్నట్టుండి ఉబ్బినా, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, చర్మం ఎర్రబడి వేడిగా ఉన్నా, కుట్ల నుంచి చీము కారినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలని సర్జన్ ముందే చెప్పారు. ఆలస్యం చేయకుండా ఫోన్ చేశాను. జ్వరం ఉందా, గట్టిపడిందా, నొప్పి పెరుగుతోందా అని ఒక్కొక్కటే అడిగి, ఏదీ లేదని తేల్చుకున్నాక, రెండు వైపులా ఒకే వేగంతో మానవని చెప్పారు. సాయంత్రానికి తగ్గకపోతే వచ్చి చూపించుకోమన్నారు. ముందు రోజంతా గుడ్డసంచిని కుడి భుజానికే తగిలించుకుని తిరిగిన సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. మధ్యాహ్నానికి వాపు తగ్గింది.

తిరుగు ప్రయాణంలో బస్సు మెట్టు మీద ఉండగానే, "నాకు ఆపరేషన్ అయిందండీ, చేతులు పైకెత్తలేను, ముందు వరుసలో సీటు ఇప్పిస్తారా?" అని కండక్టరును అడిగాను. ఆయన ఎందుకని కూడా అడగకుండా మూడో సీటు చూపించారు. సంచిని చెల్లెలు పైన పెట్టింది. బెల్టు కింద తువ్వాలు సర్దుకుని, గంట కాగానే లేచి, ఒక చేత్తో సీటు వీపు పట్టుకుని, వెనుక వరుస దాకా నడిచి వచ్చాను.